మెట్ల మీద స్టే, మిద్దె మీద ఉయ్యాల

మా ఇంటామె పుట్టింటి ఉయ్యాల ఏడేళ్ళు నా దుకాణం వెనక గిడ్డంగిలో గోనెపట్టాలు కప్పుకొని కూర్చుంది. ఉత్త ఉయ్యాల బల్ల కాదది. ఆనుకోవడానికి ఎత్తైన వీపు, రెండు పక్కలా చేతులు, కింద కాళ్ళు పెట్టుకునే పలక, అన్నీ కలిపి ఒకే కట్టుగా చేసిన వస్తువు. అర్ధవీడులో మా మామ దగ్గరుండి చేయించాడు. మేకు ఒక్కటి లేదు, అంతా చెక్క బిరడాలే. "విప్పితే మళ్ళీ కూడదు, తర్వాత నన్ను అనొద్దు," అని వడ్రంగి అప్పుడే చెప్పినాడట. నిలబెట్టినా, పడుకోబెట్టినా, ఎట్లా తిప్పినా అది మూడడుగులకు తగ్గదు.

మా ఇంటికి పోయే సందులో మిగిలింది రెండున్నర అడుగులు.

మా తాతలు వదిలిపెట్టిన సందు ఐదున్నర. అందులో మూడడుగులు మా అన్న మెట్లు మింగాయి. అన్న అంటే మా పెదనాయన కొడుకు. గిద్దలూరు బజారులో మావి పక్కపక్క ఇళ్ళు, ఎదురెదురు దుకాణాలు. నాది ఇనుప సామాను, ఆయనది బట్టలు. మేము శ్రీశైలం పోయి మూడు రోజులకు తిరిగి వచ్చేసరికి సందులో పదహారు బండల మెట్లు లేచి ఉన్నాయి.

"ఏందన్నా ఇది," అన్నాను సంచీ కూడా దించకుండా.

"మెట్లు రా."

"మెట్లని కనపడతానే ఉంది. సందులో ఏంది అంటున్నా."

"మిద్దె మీదికి పోవాలంటే మరి ఎగరమంటావా?"

ఆ మాటకే నాకు సగం ఒళ్ళు మండింది. మిగతా సగం మా వదిన మండించింది. ఆమె పై మెట్టు మీద వడియాల చేట పట్టుకొని నిలబడి, "ఏం మరిదీ, ఏనుగునెక్కి వస్తావా నువ్వు, అంత సందు నీకెందుకు," అంది. ఆ రోజు ఆమె కట్టుకున్నది ఆకుపచ్చ చీర. చేటలో ఉన్నవి గుమ్మడి వడియాలు. నేను మర్చిపోయే మనిషిని కాదు. వాళ్ళ కూతురి పెళ్ళిలో నన్ను రెండో బంతిలో కూర్చోబెట్టిన సంగతి, అప్పటికి నెయ్యి అయిపోయిన సంగతి కూడా నాకు నిన్నటి మాటలాగే ఉన్నాయి.

సరిగ్గా ఆ నెలలోనే ఉయ్యాల ట్రాక్టరు మీద దిగింది. దాన్ని మోసుకొచ్చిన నలుగురూ సందు మొదట్లో ఆగి, మెట్లను చూసి, నన్ను చూసి, ఉయ్యాలను కిందపెట్టి దాని మీదే కూర్చున్నారు. మా ఇంటామె టేపు తెచ్చి కొలిచింది. ఒకసారి కాదు, మూడుసార్లు. కొలిచే కొద్దీ సందు పెరుగుతుందేమో అన్నట్టు.

చివరికి నెమ్మదిగా అంది. "అన్న వాళ్ళ మిద్దె మీదికి ఎక్కించి మన నడవలోకి దింపుకుందాం. ఏమైతది."

మా ఇంటి నడవకు పైన కప్పు లేదు, ఆకాశమే. అన్న మిద్దె పిట్టగోడ దాని అంచు మీదికే వస్తుంది. ఆమె చెప్పింది జరిగే పనే. కానీ నాకు ఇంకోటి కనపడింది. "ఆ మెట్లెక్కితే అవి న్యాయమైన మెట్లని మనమే ఒప్పుకున్నట్టు," అన్నాను. ఆమె టేపు చుట్టేసుకుంది. ఉయ్యాల గిడ్డంగికి పోయింది. నేను వకీలు దగ్గరికి పోయాను.

దావా చాలా ఏళ్ళు నడిచింది. కోర్టు పంపిన కమిషనరు వచ్చి టేపు పట్టాడు, సర్వేయరు వచ్చి గొలుసు పట్టాడు, నేను ప్రతి వాయిదాకు ఉతికిన చొక్కా వేసుకొని పోయాను. ఈలోపల జిల్లా ముక్కలై కొత్త జిల్లా అయింది. మా దావా ఎటు పోతుందోనని ఒక నెల భయపడ్డాను, ఎటూ పోలేదు. చివరికి డిక్రీ వచ్చింది. రెండు నెలల్లో మెట్లు తీసెయ్యాలి, తీయకపోతే కోర్టే తీయిస్తుంది. ఆ సంతోషంలో డిక్రీ నకలుకు లామినేషన్ చేయించి దుకాణంలో తగిలించాను. "అది అమలు పిటిషన్‌తో పాటు కోర్టులో పెట్టాల్సిన నకలయ్యా, పటం కాదు," అని మా వకీలు నెత్తి కొట్టుకున్నాడు. మళ్ళీ నకలుకు అర్జీ పెట్టాము. ఈలోపల పాలకోవా డబ్బా నేనే స్వయంగా తీసుకుపోయి వదిన చేతికిచ్చాను. ఆమె ఒకటి నోట్లో వేసుకొని, "తీపి సరిపోలేదు మరిదీ," అంది. అది కూడా నాకు గుర్తుంది.

రెండు నెలలు పోయాయి. మెట్లు పోలేదు. అన్న మార్కాపురం పై కోర్టులో అప్పీలు వేశాడని తెలిసింది. పరుగెత్తుకుంటూ వకీలు దగ్గరికి పోతే ఆయన చాలా తీరిగ్గా, "అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ ఆగదు. ఆపాలంటే వేరేగా స్టే తెచ్చుకోవాల. అది తెచ్చుకునేదాకా నీ డిక్రీ బతికే ఉంటది," అన్నాడు. ఆ వాక్యం నాకు ఎంత నచ్చిందంటే, దుకాణానికి తలుపు బందులు కొనడానికి వచ్చినవాళ్ళకు, గొళ్ళేలు కొనడానికి వచ్చినవాళ్ళకు, కొనకుండా పోయినవాళ్ళకు కూడా చెప్పాను. అమలు పిటిషన్ వేశాము. వారంటు వచ్చింది. వారంటు అమలు చేయించే కోర్టు అమీను శుక్రవారం పొద్దున వస్తాడని కబురు.

మెట్లు పగలగొట్టే మనుషులను, పనిముట్లను డిక్రీ గెలిచినవాడే తెచ్చుకోవాలి. నలుగురు బండలు కొట్టేవాళ్ళను పిలిపించాను. గడ్డపారలు, సమ్మెటలు నా దుకాణంవే, కొత్తవి, కాగితం కూడా విప్పనివి. అంతటితో ఆగితే బాగుండేది. సందు మొదట్లో కుర్చీలు వేయించాను. వీధిలో అందరినీ పిలిచాను. వచ్చినవాళ్ళు ఊరికే పోకూడదని బొరుగుల ఉగ్గాణి, మిరపకాయ బజ్జీలు చేయించాను.

అమీను పదింబావుకు వచ్చాడు. సన్నటి మనిషి, చంకలో ఫైలు. వారంటు గట్టిగా చదివాడు. అన్న ఇంట్లో లేడు. "మొహం చెల్లక ఊరొదిలి పోయినాడు," అని నేను అందరికీ చెప్పాను. వదిన మాత్రం తొమ్మిదో మెట్టు మీద కూర్చొని చిక్కుడుకాయలు తుంచుతూ ఉంది.

"అమ్మా, కిందికి రావాల," అన్నాడు అమీను.

"వస్తా నాయనా. ఇవి ఇంకో గుప్పెడున్నాయి."

మేస్త్రీ కింది మెట్టుకు గడ్డపార ఆనించి నా సైగ కోసం చూశాడు. నేను చెయ్యి ఎత్తబోయి గడియారం చూశాను. పది ఇరవై ఎనిమిది. శుక్రవారం పదిన్నరకు రాహుకాలం మొదలు, పన్నెండు దాకా.

"ఆగు," అన్నాను.

మేస్త్రీ గడ్డపార దించి, "ఏంది సామీ," అన్నాడు.

"రాహుకాలం వస్తా ఉంది. పన్నెండు దాటినాక మొదలుపెడదాం."

"కట్టేదానికి గదా రాహుకాలం చూసేది. పగలగొట్టేదానికి ఏంది."

"అసలు పగలగొట్టేదానికి రాహుకాలమే మేలు," అన్నాడు కుర్చీలో ఉన్న ఒక పెద్దాయన. ఇంకొకాయన ఒప్పుకోలేదు. పాత ఇల్లు పడగొట్టేటప్పుడు కూడా తమ వాళ్ళు మంచి గడియ చూశారని అన్నాడు. పగలగొట్టడం మంచి పనా చెడ్డ పనా అని రెండు వరసల కుర్చీలు రెండుగా చీలాయి. నేను లేచి నిలబడి, ఇది ఇంకొకరికి పగలగొట్టడం కావచ్చు, నాకు మాత్రం గృహప్రవేశంతో సమానం అని తేల్చి చెప్పాను.

మా ఇంటామె కొంగు పట్టుకొని దగ్గరికి వచ్చింది. "ఏమయ్యా, ఇంకా రెండు నిమిషాలుంది. ఒక్క దెబ్బన్నా వెయ్యనీ. మిగతాది మధ్యాన్నం చూసుకుందాం."

"తొందరపడి వేసిన దెబ్బ కలిసి రాదు," అన్నాను.

అమీను తన గడియారం చూసుకున్నాడు, బజ్జీల పళ్ళెం చూశాడు. "సాయంత్రం లోపల అయిపోవాల. అంతే నాకు కావాల్సింది," అని కుర్చీ లాక్కున్నాడు.

పైనుంచి వదిన అంది. "మరిదీ, నాకూ రెండు బజ్జీలు పంపీ. తినేదాకన్నా మెట్లుంటాయి గదా."

అందరూ నవ్వారు. పంపకపోతే రేపు ఊరంతా చెప్పుకుంటుందని మూడు పంపాను.

పన్నెండుకు ఇంకా పది నిమిషాలుందనగా సందు మొదట్లో మోటారు సైకిలు ఆగింది. నడిపినవాడు కోర్టు అటెండరు, వెనక కూర్చున్నవాడు మా అన్న. అన్న నలిగిన చొక్కాతో, గడ్డంతో, పెళ్ళికొడుకులాగా దిగాడు. అటెండరు అమీను చేతిలో కాగితం పెట్టాడు. అమీను చెయ్యి తుడుచుకొని దాన్ని రెండుసార్లు చదివాడు.

జరిగింది ఇది. ముందురోజు సాయంత్రం మార్కాపురం కోర్టు మధ్యంతరంగా స్టే ఇచ్చింది. ఆర్డరు నకలు చేతికి రావడానికి ఇంకా సమయం పడుతుంది. అందుకని అన్న తెల్లారేసరికి గిద్దలూరు వచ్చి, స్టే ఇచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను, నా చెవులతో విన్నాను అని అఫిడవిట్ మీద ప్రమాణం చేసి, మా కోర్టు తలుపు తీయగానే దాఖలు చేశాడు. అసలు ఆర్డరు వచ్చేదాకా కింది కోర్టు ఆ ప్రమాణాన్ని నమ్మి ఆగాలని చట్టం. జడ్జిగారు వారంటు వెనక్కి పిలిచారు.

"ఈ పొద్దుకు ఇంతే శెట్టిగారూ," అన్నాడు అమీను.

"ఆర్డరు ఏది? ఆయన నోటి మాటేనా?"

"ప్రమాణం చేసినాడు గదా. చాలు." ఫైలు చంకలో పెట్టుకొని, పోతూ పోతూ, "ఉగ్గాణి బాగుండింది," అన్నాడు.

అన్న వచ్చి నేను ఖాళీ చేసిన కుర్చీలో కూర్చున్నాడు. "నిన్నటినుంచి ఏం తిన్లేదు రా తమ్ముడా. బజ్జీలు ఏమన్నా మిగిలినాయా?"

మిగిలినాయి. తిన్నాడు. ఎన్ని తిన్నాడో నాకు తెలుసు, ఆరు.

పది ఇరవై ఎనిమిదికి చెయ్యి ఎత్తి ఉంటే ఆయన వచ్చేసరికి మెట్లు సగానికి పైగా నేల మీద ఉండేవి. ఉయ్యాల ఆ రాత్రికే ఇంట్లో ఉండేది. ఈ మాట మా ఇంటామె ఒక్కసారి కూడా అనలేదు. నాలుగు రోజులపాటు రోజూ మిట్టమధ్యాహ్నం వంటింట్లోంచి, "పన్నెండు దాటింది," అని మాత్రం చెప్పేది.

ఆ మధ్యంతర స్టే కొన్నాళ్ళకే. దాన్ని అప్పీలు తేలేదాకా ఉంచాలా తీసెయ్యాలా అని రెండు పక్షాలనూ వినడానికి మార్కాపురంలో వాయిదా పడింది. నేనూ మా ఇంటామే బస్సెక్కితే అదే బస్సులో అన్నా వదినా. నేను కావాలని వాళ్ళకు మూడు సీట్ల ముందు కూర్చున్నాను. కంభం దాటాక వెనక్కి తిరిగి చూస్తే మా ఇంటామె వదిన పక్కన కూర్చొని ఉడకబెట్టిన శనక్కాయలు ఒలుస్తా ఉంది. ఇద్దరి ఒళ్ళోనూ ఒకటే కాగితం పొట్లం. నేను మళ్ళీ ముందుకు తిరిగాను.

కోర్టులో అన్న వకీలు మొదట లేచాడు. మెట్లు ఇప్పుడు పడగొట్టి, రేపు అప్పీలు మేము గెలిస్తే వాటిని ఎవరు నిలబెడతారు అన్నాడు. మిద్దె మీదికి వేరే దారి లేదన్నాడు, దుకాణం సరుకంతా పైనే ఉందన్నాడు, ఓడితే మెట్లు తీసేస్తామనడానికి ఇల్లే పూచీ పెడతామన్నాడు. బాగానే చెప్పాడు.

జడ్జిగారు పెద్ద వయసు ఆమె. మా వకీలు వైపు తిరిగారు. "అప్పీలు తేలేదాకా మెట్లు ఉంటే మీ కక్షిదారుకు వచ్చే ఇబ్బంది ఏమిటి?"

"ఉయ్యాల, మేడమ్."

"ఏమిటి?"

"ఉయ్యాల. మేము జవాబుగా వేసిన కౌంటరులో ఆరో పేరాలో రాశాము. కక్షిదారు భార్యకు పుట్టింటివారు ఇచ్చిన ఉయ్యాల ఏడేళ్ళుగా సందు పట్టక ఇంట్లోకి పోలేదు."

జడ్జిగారు కళ్ళద్దాలు తీసి ఆరో పేరా చదివారు. "పైనుంచి దించే వీలు ఏమీ లేదా?"

మా వకీలు నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను. అప్పుడు వెనక బెంచీలోంచి ఒక గొంతు వచ్చింది.

"ఉందమ్మా."

మా ఇంటామె. లేచి నిలబడి ఉంది. కొంగులో ఇంకా శనక్కాయ పొట్టు.

"వాళ్ళ మిద్దె మీదికెక్కించి మా నడవలోకి దింపొచ్చు. ఏడేళ్ళ కిందనే చెప్పినా నేను."

కోర్టులో నవ్వు మొదలై ఆగిపోయింది. అన్న తన వకీలు కోటు పట్టి లాగి చెవిలో ఏదో చెప్పాడు. ఆయన లేచి, "మా కక్షిదారు సొంత మనుషులతో దింపించి ఇస్తానంటున్నాడు," అన్నాడు. ఆర్డరు అక్కడికక్కడే చెప్పారు. అప్పీలు తేలేదాకా స్టే. ఇల్లు పూచీ. సందులో కొత్తగా ఒక్క ఇటుక కూడా పెట్టకూడదు. రెండు వారాల్లోపల అన్న తన శ్రమతో ఉయ్యాలను మెట్ల మీదుగా ఎక్కించి మా నడవలో క్షేమంగా దించాలి. అట్లా చేయకపోతే స్టే దానంతట అదే పోతుంది.

చివరి వాక్యం విన్నాక నా బుర్ర చకచకా తిరిగింది. రెండు వారాలు గిడ్డంగి తాళం తీయకపోతే సరి. బయటికి రాగానే వకీలుకు చెప్పాను.

"అడ్డం పడింది నువ్వని తెలిస్తే స్టే గట్టిపడతది, నువ్వు పలచబడతావు," అన్నాడు ఆయన.

"ఉయ్యాల ఇంట్లోకి వచ్చేస్తే రేపు అప్పీల్లో నాకు ఇబ్బంది ఏముందని చెప్పుకోవాల?"

"సందు నీదని చెప్పుకో. అది చాలు. హక్కులకు భంగం లేకుండా ఉయ్యాల తీసుకుంటున్నానని ఒక మెమో వేద్దాం."

నేను ఇంకా ఆలోచిస్తున్నాను. మా ఇంటామె నా జేబులో చెయ్యి పెట్టి తాళం చెవుల గుత్తి తీసుకొని నడుముకు దోపుకుంది. అంతే.

పన్నెండో రోజు పొద్దున ఉయ్యాల గిడ్డంగిలోంచి బయటికి వచ్చింది. గోనెపట్టాలు తీసి తుడిస్తే ఏడేళ్ళ దుమ్ము కింద చెక్క నల్లగా మెరిసింది. మోస్తున్నది అన్న, ఆయన కొట్లో పనిచేసే ముగ్గురు. వాళ్ళు తెచ్చిన కొబ్బరి తాడు చూస్తే పీచులు లేచి ఉంది. "నా ఉయ్యాలకు నా తాడే," అని దుకాణానికి పోయి కొత్త నైలాన్ తాడు చుట్ట తెచ్చిచ్చాను. అన్న తీసుకున్నాడు, మంచిదని కూడా అనలేదు.

నేను మాత్రం మెట్లు ఎక్కలేదు. సందులో నిలబడి, "ఎడమకు, ఇంకా ఎడమకు, గోడకు రాసుకుంటా ఉంది," అని చెబుతున్నాను. ఏడేళ్ళలో ఆ మెట్ల మీద నా పాదం పడలేదు. ఉయ్యాల మెట్టు మెట్టుకూ వంగుతూ, నిక్కుతూ, ఊరేగింపులో దేవుడిలాగా పైకి పోయింది. అన్న ఎగశ్వాస నాకు కిందికి వినపడుతోంది. నాకు చెప్పలేనంత హాయిగా ఉంది.

పిట్టగోడ మీదనుంచి దాన్ని వదిలేటప్పుడు నేను నడవలోకి పరుగెత్తాను. మా ఇంటామె అక్కడే నిలబడి మెడ వెనక్కి వంచి చూస్తా ఉంది. ఉయ్యాల కొంచెం దిగి ఆగింది. దాని చెయ్యి ఒకటి పిట్టగోడ అంచుకు చిక్కుకుంది. అది మెల్లగా గాల్లో తిరగడం మొదలుపెట్టింది. పైన నలుగురూ తాడు వదల్లేరు, లాగలేరు.

"ఇంకో మనిషి కావాల, జారతా ఉంది," అన్నాడు అన్న.

"మరిదీ, రా పైకి," అని వదిన.

మా ఇంటామెను ఉయ్యాల కిందనుంచి పక్కకు నెట్టాను. తర్వాత నాకు తెలిసింది నా చేతులు తాడు మీద ఉన్నాయని, నా భుజం అన్న భుజానికి ఆనుకొని ఉందని. మధ్యలో పదహారు మెట్లు ఎక్కి ఉండాలి. ఎక్కినట్టే ఉన్నాను. అందరం కలిసి వెనక్కి ఒక లాగు లాగి, అంచు తప్పించి, చేతి మీద చెయ్యి వేస్తూ వదిలాము. కింద గచ్చు మీద ఉయ్యాల తాకిన చప్పుడు చాలా చిన్నగా, పిల్లి దూకినట్టు వినపడింది.

అన్న తాడు వదలకుండానే అడిగాడు. "ఎట్లున్నాయి రా మెట్లు?"

"ఏ మెట్టుకు ఆ మెట్టు ఒక కొలత. ఎవడు కట్టినాడు."

ఆయనకు నవ్వు వచ్చింది. ఊపిరాడక కింద కూర్చొని నవ్వాడు. పనివాళ్ళు నవ్వారు. నాకూ వచ్చింది, ఆపుకోలేకపోయాను, పిట్టగోడ పట్టుకొని నవ్వాను. కింద మా ఇంటామె ఇంకా గొలుసులు కూడా తగిలించని ఉయ్యాలలో కూర్చొని, నేల మీదే ముందుకూ వెనక్కూ ఊగుతున్నట్టు ఒళ్ళు కదిలిస్తా ఉంది. పొద్దు ఆమె మొహం మీద పడుతోంది. ఏడేళ్ళలో ఆమెను అట్లా నేను చూడలేదు.

అప్పుడు నాకు గుర్తొచ్చింది, నేను నిలబడింది ఎక్కడో. ఎక్కడం తొందరలో జరిగింది. ఆపద అని చెప్పుకోవచ్చు, మెమోలో రాయించవచ్చు. దిగడం అట్లా కాదు. ఆ మెట్ల మీదుగా నిదానంగా, తెలిసి, అందరూ చూస్తుండగా దిగితే అది ఒప్పుకోవడమే అవుతుంది.

"నన్ను కూడా తాడుతో దించు," అన్నాను.

అన్న నా మొహం చూశాడు. నేను నవ్వట్లేదని తెలుసుకున్నాడు. వదిన అప్పటికే నెత్తి మీద చేతులు పెట్టుకుంది.

"నడుముకు రెండు చుట్లు వెయ్యండిరా," అన్నాడు అన్న పనివాళ్ళతో. ముడి ఆయనే వేశాడు, రెండుసార్లు లాగి చూశాడు. నేను పిట్టగోడ ఎక్కి కూర్చున్నాను. "గట్టిగా పట్టుకో. నువ్వు ఉయ్యాల మీద పడి చెయ్యి ఇరిగితే నా స్టే పోతది," అన్నాడు.

"నా చెయ్యా, ఉయ్యాల చెయ్యా?"

"ఆర్డరులో ఉయ్యాలదే ఉంది."

గోడకు పాదాలు తన్నిపెట్టి, గాల్లో అటూ ఇటూ ఊగుతూ, నా యాభై ఎనిమిదేళ్ళ శరీరంతో నా ఇంట్లోకి నేను దిగాను. మా ఇంటామె కొంచెం జరిగి చోటు చేసింది. తాడు విప్పుకోగానే అది చరచరా పైకి పోయింది.

అప్పీలు ఇంకా నడుస్తా ఉంది. స్టే ఉంది, మెట్లున్నాయి, సందు రెండున్నర అడుగులే. సాయంత్రాలు వదిన వచ్చి ఉయ్యాలలో మా ఇంటామె పక్కన కూర్చుంటుంది, నేనేమీ అనను. కానీ ఆ నైలాన్ తాడు, విప్పని చుట్ట, నా దుకాణంలోంచి నా చేతులతో ఇచ్చింది, ఇంతవరకు తిరిగి రాలేదు. వాళ్ళ మిద్దె మీద దాని మీద చీరలు ఆరేస్తున్నారు. నడవలో కూర్చుంటే నాకు కనపడుతుంది.